పులిహోరకి అన్న ఊఁ

కోనేటిలంక ఆడపిల్లల హైస్కూల్లో ఏడుకొండలు అనే డ్రిల్లు మాస్టారు ఉండేవాడు, పనిలో వంక పెట్టలేని మనిషే గానీ ఎవరేం చెప్పినా పూర్తిగా వినకుండా ‘ఊఁ’ అనేసే గుణం ఒకటి ఆయన్ని అంటిపెట్టుకుని ఉండేది.

ఊఁ అనే ఒక్క మాటతో మనవాళ్ళు ఎన్ని పనులు నడిపిస్తారో మీకు తెలుసు. కథ వింటున్నామని చెప్పడానికి ఊఁ. అడిగినదానికి సరే అనడానికి ఊఁ. కానివ్వమనడానికీ ఊఁ. ఏడుకొండలు మాస్టారు వీటికి ఇంకొకటి చేర్చాడు. ‘నువ్వు మాట్లాడుతూ ఉండు, నా పనిలో నేనుంటాను’ అనడానికి కూడా ఊఁ అనేవాడు.

“ఇవాళ పాలవాడు రాడట. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు తెండి” అని భార్య సుభద్ర అంటే, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఊఁ అనేవాడు. సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చేవాడు.

“పొద్దున ఊఁ అన్నారు కదా?” అనేది సుభద్ర.

“నేనెప్పుడన్నాను?” అనేవాడు ఆయన.

అబద్ధమాడేవాడు కాదు పాపం. నిజంగానే గుర్తుండేది కాదు. ఊఁ అన్నది నోరు. ఆ సంగతి చెవికీ తెలియదు, మనసుకీ తెలియదు. “మీ ఊఁని నమ్ముకుంటే మజ్జిగ కూడా దక్కదు” అని సుభద్ర నవ్వి ఊరుకునేది. పాలు లేకపోతే ఒక పూట కాఫీ ఉండదు, అంతకు మించి కొంప మునిగేదేమీ లేదు. అందుకే ఆ గుణాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆయనా దిద్దుకోలేదు.

ఒక ఏడాది ఆ బడికి జిమ్నాస్టిక్స్ సామాను వచ్చింది. తోలు తొడిగిన ఎత్తయిన బల్ల, దాని ముందు వెయ్యడానికి స్ప్రింగులున్న చెక్క బోర్డు, అవతలివైపు పరవడానికి మందపాటి పరుపులు. దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, బోర్డును రెండు కాళ్ళతో తన్ని పైకి లేచి, బల్ల మీద చేతులు ఆనించి, ముడిచిన కాళ్ళను చేతుల మధ్య నుంచి పోనిచ్చి అవతలికి దిగాలి. దాన్ని వాల్ట్ అంటారని మాస్టారు చెప్పాడు. పిల్లలు మాత్రం ఆ బల్లకి గుర్రం అని పేరు పెట్టేశారు.

నేర్పడంలో ఏడుకొండలుకి ఏడుకొండలే సాటి. మొదట్లో పిల్లల్ని గుర్రం ఛాయలకే రానివ్వలేదు. చిన్న చెక్కపెట్టె ఒకటి తెచ్చి, దాని మీంచి పరుపు మీదికి దూకించాడు.

“మోకాళ్ళు వంచండి. కుర్చీలో కూర్చోబోయి మధ్యలో ఆగిపోయినట్టుండాలి. చేతులు ముందుకి. పడిపోయేలా ఉంటే చెయ్యి నేలకి పోటు పెట్టకండి, గడ్డం గుండెకి ఆనించి బంతిలా ముడుచుకుని దొర్లండి” అని రోజూ చెప్పేవాడు.

“గుర్రం ఎప్పుడెక్కిస్తారండి మాస్టారూ?” అని పిల్లలు గోల పెట్టేవాళ్ళు.

“దిగడం రానివాళ్ళకి గుర్రమెందుకమ్మా? ముందు దిగడం నేర్చుకోండి, ఎగరడం అదే వస్తుంది” అనేవాడు.

దిగడం వచ్చాక బోర్డు మీంచి ఎగిరించాడు. ఆ తర్వాత గుర్రం మీదికి ఎక్కి నిలబడి అవతలికి దూకించాడు. చిట్టచివరికి పూర్తిగా దాటనిచ్చాడు. దాటే ప్రతి పిల్లకీ ఆయన గుర్రానికి అవతలి పక్కన నిలబడి, జబ్బ పట్టుకుని, కాళ్ళు పరుపు మీద నిలదొక్కుకునేదాకా వదిలేవాడు కాదు. ఎత్తుని కూడా పిల్లని బట్టి పెంచేవాడు, తగ్గించేవాడు.

నియమం కూడా ఒకటి పెట్టాడు. సుద్దగీత దగ్గర నిలబడాలి. చెయ్యెత్తాలి. మాస్టారు ఊఁ అంటేనే పరుగు మొదలుపెట్టాలి. “నేను ఊఁ అనకుండా అడుగు ముందుకి పడిందో, ఇక ఆ పిల్ల గుర్రం సంగతి మరిచిపోవడమే” అన్నాడు. మంచి నియమమే. కానీ దారిన పోయేవాళ్ళందరికీ పొద్దస్తమానం పంచిపెట్టే మాటనే ఏరికోరి కళ్ళెంగా పెట్టుకున్నానని ఆయనకు తట్టలేదు. చూస్తున్నవాళ్ళకీ తట్టలేదు.

ఆ పిల్లల్లో లోవకుమారి అని ఏడో తరగతి పిల్ల ఉండేది. లోవ అని పిలిచేవాళ్ళు. పిట్టంత మనిషి, కానీ గుర్రం దాటిందంటే పిల్లలందరూ చేస్తున్న పని ఆపి చూసేవాళ్ళు. దాని తల్లి నూకరత్నం బజారులో మిషను కుట్టేది. మొదట్లో ఆవిడ ససేమిరా అంది.

“కాలో చెయ్యో విరిగితే ఎవరండీ చూసేది?” అని బడికే వచ్చి అడిగింది.

“నేను పక్కనుండగా మీ పిల్ల నేల మీద పడదమ్మా. అది నా పూచీ” అన్నాడు ఏడుకొండలు.

“అయితే మీ మాట మీద వదులుతున్నానండి” అని వెళ్ళిపోయింది నూకరత్నం. లోవ కూడా అంతే, మాస్టారి మాట దాటేది కాదు. మడమలు కలపమంటే కలిపేది, ఆగమంటే గాలి పీల్చడం కూడా ఆపేసేలా ఉండేది. కాకినాడలో జరిగే పోటీలకి తీసుకెళ్ళే పిల్లల్లో దాని పేరే ముందుంది.

పోటీలు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. రేకుల షెడ్డులో ఎవరి మాట ఎవరికీ వినపడనంత మోత. అప్పటిదాకా తొమ్మిదో తరగతి పిల్లలు దాటుతున్నారు గనక గుర్రం ఎత్తుగా ఉంది. ఇంతలో కప్పులో ఎక్కడో చిల్లి పడి, పరుపుల కిందికి నీళ్ళు చేరాయి.

“షాహీనూ, పరుపులు పక్కకి లాగి నేల తుడిపించమ్మా” అని పెద్దపిల్లకి చెప్పి, ఏడుకొండలు చిల్లి ఎక్కడుందో చూడటానికి గుమ్మం వైపు వెళ్ళాడు. తలెత్తి రేకుల్ని వెతుకుతున్నాడు. అదే సమయానికి డ్రాయింగు మాస్టారు వీర్రాజు గొడుగు విదుల్చుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. కాకినాడ ప్రయాణానికి భోజనాల ఏర్పాటు ఆయనది.

“మాస్టారూ, పిల్లలకి పులిహోర చెప్పేద్దామా? వానాకాలం, పెరుగన్నం వద్దంటున్నారు హెచ్చెమ్ గారు” అన్నాడు వీర్రాజు, వాన మోతని మించి గొంతు పెంచి.

ఏడుకొండలు రేకుల మీంచి చూపు తిప్పలేదు. “ఊఁ” అన్నాడు. వానలో వినపడాలని కాస్త గట్టిగానే అన్నాడు.

వెనక చిన్న పాదాల పరుగు వినిపించింది. అదేమిటో ఆయన బుర్రకి ఎక్కేలోపే బోర్డు ధన్‌మని మోగింది.

తిరిగి చూసేసరికి లోవ గాలిలో ఉంది. గుర్రం పెద్దపిల్లల ఎత్తులో ఉంది. అవతల పరుపులు లేవు. తడి సిమెంటు నేల నిగనిగలాడుతోంది. షాహీను ఒక పరుపు అంచు పట్టుకుని వంగి ఉంది. తాను నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. ఏడుకొండలు ఉన్న చోటినుంచి ఒక్క ఉరుకు ఉరికాడు. కానీ ఎంత ఉరికినా అందే దూరం కాదది.

లోవ చేతులైతే గుర్రం మీద ఆనాయి. కాళ్ళు ఆ ఎత్తుకి చాలలేదు. కాలివేళ్ళు అంచుకి తగిలి, మనిషి తలకిందులై ముందుకి ఒరిగింది. షాహీను కెవ్వుమని పరుపు వదిలేసింది. అప్పుడు లోవ నెలల తరబడి పెట్టె మీంచి దూకి నేర్చుకున్న పని చేసింది. గడ్డం గుండెకి ఆనించి బంతిలా ముడుచుకుంది. సగం పరుపు మీదా సగం నేల మీదా పడి, దొర్లి, గోడ దగ్గర ఆగింది. పడేటప్పుడు ఎడమ చెయ్యి మాత్రం సిమెంటుకి కొట్టుకుంది.

ఏడుకొండలు దాని పక్కన కూలబడ్డాడు. మెడ కదులుతోందా, కాళ్ళు కదులుతున్నాయా అని చూశాడు. అన్నీ కదులుతున్నాయి. మణికట్టు పట్టుకుంటే మాత్రం పిల్ల పళ్ళు బిగించింది. ప్రాణం కాస్త కుదుటపడేసరికి భయమంతా కోపమై బయటికొచ్చింది.

“ఎవరు పరిగెత్తమన్నారు నిన్ను? నేను లేకుండా, పరుపుల్లేకుండా?”

“మీరే ఊఁ అన్నారు కదండీ మాస్టారూ” అంది లోవ. “నేను గీత దగ్గరకొచ్చి చెయ్యెత్తానండి. మీరు అటు తిరిగున్నారు. గుర్రం ఎత్తుగా ఉందనిపించిందండి, అవతల పరుపులు లాగేయడం ఇటునుంచి కనపడలేదండి. కానీ మీరు ఊఁ అన్నాక ఆగకూడదనుకున్నానండి.”

“నేనెప్పుడన్నాను?” అన్నాడు ఏడుకొండలు, అలవాటు కొద్దీ.

గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని కొయ్యబారి ఉన్న వీర్రాజు నీళ్ళు నమిలాడు. “నాతో అన్నారండి మాస్టారూ. పులిహోరకి.”

ఏడుకొండలు పిల్లని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. వాన ఒక్కటే మోగుతోంది.

హెచ్చెమ్ గారూ ఏడుకొండలూ వీర్రాజూ పిల్లని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, మణికట్టుకి ఎక్స్‌రే తీయించారు. ఫిల్ము వచ్చేదాకా వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. ఏడుకొండలుకి కూర్చోబుద్ధి కాలేదు. ఎముక విరిగితే? అతకడం అటూ ఇటూ అయితే? ఆ పిట్టంత చెయ్యి జీవితాంతం వంకరగా ఉండిపోతే? ‘నా పూచీ’ అన్న తన మాట తన చెవుల్లోనే గింగురుమంటోంది.

కబురందుకుని నూకరత్నం పరుగున వచ్చింది. మెళ్ళో కొలతల టేపు అలాగే వేళ్ళాడుతోంది. కూతురి చెయ్యి చూసింది, తల నిమిరింది, వెంటనే తిట్లకి దిగింది.

“నీ ఆత్రం నాకు తెలీదేంటే? మాస్టారు చెప్పేదాకా ఆగలేకపోయావా? ముందు నువ్వే దాటాలా? ఆ గుర్రం ఎక్కడికైనా పారిపోద్దా?”

లోవ తల వంచుకుంది. మాస్టారి పేరు ఎత్తలేదు.

నూకరత్నం ఏడుకొండలు వైపు తిరిగింది. “దీని ఆత్రమే కదండీ మాస్టారూ? చెప్పిన మాట వినకుండా పరిగెత్తుంటది. అంతే కదండీ?”

ఒక్క ఊఁ అంటే చాలు. గండం గట్టెక్కిపోతుంది. హెచ్చెమ్ గారు బెంచీ చివర కూర్చుని చీర అంచు చూసుకుంటున్నారు. వీర్రాజు గోడ మీది బొమ్మలు చూస్తున్నాడు. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి ఎవరేమడిగినా తనంతట తనే నోట్లోంచి ఊడిపడే ఆ మాట, ఆయన నాలిక చివరికి రానే వచ్చింది. ఏడుకొండలు దాన్ని మింగేశాడు.

“కాదమ్మా” అన్నాడు. “పిల్ల తప్పేమీ లేదు. నేను ఊఁ అంటేనే పరిగెత్తమని నేనే చెప్పాను. ఇవాళ వేరేవాళ్ళతో మాట్లాడుతూ, చూసుకోకుండా ఊఁ అన్నాను. అది నా మాట నమ్మి పరిగెత్తింది. నేను ఉండాల్సిన చోట లేను. తప్పు నాది.”

లోవ తలెత్తి ఆయన్ని చూసింది. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది దానికి.

నూకరత్నం ఏదో అనబోయింది. ఇంతలో డాక్టరు ఫిల్ము పట్టుకుని బయటికొచ్చాడు. “ఎముక చక్కగా ఉందమ్మా. బెణికింది, అంతే. కట్టు కట్టి కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే చాలు” అన్నాడు.

అమ్మయ్య అనుకున్నారు అందరూ. అప్పటిదాకా నిలబడే ఉన్న ఏడుకొండలు బెంచీ మీద చతికిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. నూకరత్నం కూతుర్ని గుండెకి అదుముకుని, కాసేపటికి నెమ్మదిగా అంది.

“కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారండి. ఇవాళ మీ నోరు జారి దాని కాలు జారింది. నిజం చెప్పారు గనక మిమ్మల్నేమీ అనను. కానీ దాన్నిక పంపనండి.”

“మీరన్నదే సబబమ్మా” అన్నాడు ఏడుకొండలు. “నేను బతిమాలను. దాని చెయ్యి బాగయ్యాక ఒక్కసారి మీరే వచ్చి, ఎలా నేర్పుతున్నానో కళ్ళారా చూడండి. చూశాక పంపుతారో మానుతారో మీ ఇష్టం.”

నూకరత్నం కూతుర్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

కాకినాడ పోటీలకి లోవ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు పులిహోర తిన్నారు గానీ, ఎవరికీ రుచించలేదు.

పిల్ల పడిన మర్నాటి నుంచే షెడ్డులో పద్ధతి మారింది. మొదట గుర్రం కాళ్ళ గడియలు, బోర్డు దూరం, పరుపుల మధ్య సందులు మాస్టారే చేత్తో తడిమి చూసుకునేవాడు. తర్వాత పట్టుకునే చోటికి వెళ్ళి నిలబడేవాడు. అక్కడినుంచి తప్ప ఇంకెక్కడినుంచీ పిలుపు ఉండదన్నాడు. పిల్ల కళ్ళలోకి చూసి, పేరు పెట్టి, “సిద్ధమేనా?” అని అడిగేవాడు. పిల్ల “ఆయ్” అంటేనే “రా” అనేవాడు. మా గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే అవునండీ అని. ఎదుటివాళ్ళ మాట విన్నాకే ఆ ముక్క నోట్లోంచి వస్తుంది, పరధ్యానంలో అనేసే మాట కాదది. ఏదైనా తేడాగా కనిపిస్తే ఎంత చిన్నపిల్లైనా “ఆగండి” అని అరవచ్చు, అరిచినందుకు ఎవరూ ఏమీ అనరు.

పద్ధతి మార్చడం తేలికే. నాలిక మార్చడమే కష్టం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మాస్టారు ఆదమరిచి ఎవరికో ఊఁ అన్నాడంటే చాలు, షాహీను ఎక్కడున్నా వచ్చి “ఈ ఊఁ ఎవరికండీ మాస్టారూ?” అని అడిగేది. పిల్లలంతా కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆయన వెంటనే వెనక్కి తిరిగి, “ఏమన్నారు మేడమ్, మళ్ళీ చెప్పండి, వినలేదు” అనేవాడు. ఒకనాడు సుభద్ర కూరగాయల మాటెత్తితే, బూట్లు పక్కన పెట్టి ఆవిడ మొహం చూస్తూ, “వంకాయలూ కొత్తిమీరా. సాయంత్రం తెస్తాను” అన్నాడు. సుభద్ర కంగారుగా వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని.

లోవ చెయ్యి బాగయింది. డాక్టరు ఇక ఆడుకోవచ్చన్నాడు. ఆ సాయంత్రం నూకరత్నం కూతురి వెంట షెడ్డుకి వచ్చింది. వచ్చి బెంచీ మీద కొంగు బిగించుకుని కూర్చుంది. మొహంలో నవ్వు లేదు.

గుర్రాన్ని లోవ ఎత్తుకి దించారు. లోవ సుద్దగీత దగ్గర నిలబడి చెయ్యెత్తింది. ఏడుకొండలు తన చోట నిలబడి పిల్లని చూశాడు. తర్వాత పరుపుల వైపు చూశాడు. పిలవలేదు. వంగి, రెండు పరుపుల మధ్య ఉన్న సందుని కాలితో మూసి, చేత్తో తడిమి చూసి, మళ్ళీ నిలబడ్డాడు.

“లోవా, సిద్ధమేనా?”

లోవ ఎత్తిన చెయ్యి మెల్లగా దించేసింది.

“భయంగా ఉందండి మాస్టారూ.”

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నూకరత్నం సగం లేచింది. ఏడుకొండలు నవ్వి, “భయమేస్తే చెప్పడమే మంచిది తల్లీ. గుర్రం మనల్ని తొందరపెట్టడం లేదు కదా” అన్నాడు. చిన్నపెట్టె తెప్పించి, మొదటి రోజుల్లోలాగా దాని మీంచి దూకించాడు. తర్వాత గుర్రం ఎక్కించి, నిలబెట్టి, జబ్బ పట్టుకుని దింపాడు. మళ్ళీ దింపాడు. లోవ మొహంలోకి రంగు వచ్చేదాకా అలాగే చేయించాడు. అప్పుడది తనంతట తనే గీత దగ్గరకెళ్ళి చెయ్యెత్తింది.

“లోవా, సిద్ధమేనా?”

“ఆయ్.”

“రా.”

లోవ పరిగెత్తింది. బోర్డు మోగింది. చేతులు ఆనాయి, మోకాళ్ళు గుండెకి ముడుచుకున్నాయి, మనిషి గుర్రం దాటింది. మాస్టారి చెయ్యి జబ్బ మీద పడేసరికే పాదాలు రెండూ పరుపు మీద కుదురుగా ఆనాయి. కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు ఒక్క క్షణం ఉండి, లోవ నిటారుగా నిలబడింది.

“అమ్మయ్య” అంది నూకరత్నం పైకే. ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని, “మాస్టారూ, రేపటినుంచి ఎన్నింటికి పంపమంటారండీ?” అని అడిగింది.

లోవ పరుపు దిగి, పక్కకి వచ్చి, నేల మీద రెండు కాళ్ళతో నిలబడేదాకా ఏడుకొండలు దాని జబ్బ వదలలేదు. అప్పుడు తల్లి వైపు పూర్తిగా తిరిగాడు.

“ఏమన్నారమ్మా? ఎన్నింటికి పంపాలనే కదా? సాయంత్రం బడి వదలగానే పంపండి. నేనిక్కడే ఉంటాను” అన్నాడు.

అందుకే పిల్లలూ, పెద్దలూ, మన మాట నమ్ముకుని ఎదుటివాళ్ళు అడుగు వేసేచోట, పూర్తిగా వినకుండా, కళ్ళారా చూడకుండా ఊఁ అనే చిన్న మాటైనా అనకూడదు. పొరపాటున అంటే, ఆ తప్పు మనదేనని ఒప్పుకుని దిద్దుకోవాలి.